33 మాడ్యూళ్ళు 6 అయ్యాయి, సరే. తప్పు దిద్దేదెవరు?

భూభారతి పోర్టల్‌ని ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి 2025 ఏప్రిల్ 14న ప్రారంభించింది మన శిల్పకళావేదికలో. మేం రోజూ క్యాబ్ దిగే చోటికి కూతవేటు దూరం. ధరణి పోయి భూభారతి వచ్చిందన్న వార్తల్లో నా కంటికి ఆనిన ముక్క ఒకటే. ధరణిలో 33 మాడ్యూళ్ళుండేవి, భూభారతిలో 6 మాత్రమే వుంటాయని ప్రభుత్వం చెప్పింది.

మర్నాడు లంచ్‌లో ఇదే మాటొచ్చింది. మా టీములో యూఐ చేసే కుర్రాడు "మొత్తానికి నావిగేషన్ మీద ఎవరో గట్టిగా కూర్చున్నారు" అన్నాడు. డేటాబేస్ చూసే పెద్దాయన నవ్వి, "33నీ అలాగే వుంచి పైన 6 బటన్లు పెట్టుంటార్లే" అన్నాడు. రెండూ మనవాళ్ళు అనే మాటలే. ఏ రీడిజైన్ వార్త విన్నా మనకి ముందు తట్టేవి ఇవే కదా... స్క్రీన్లెన్ని తగ్గాయి, క్లిక్కులెన్ని తగ్గాయి. నాకు మాత్రం ఆ లెక్కే తప్పనిపిస్తుంది. ఎందుకో చెప్తాను. ఏ ప్రభుత్వం మంచిది అనే గొడవ జోలికి పోను, దానికి టీవీ ఛానళ్ళున్నాయి. నాకు ఇది మన రాష్ట్రంలో అందరికంటే ఎక్కువమంది బతుకుల్తో ముడిపడిన ఒక బిజినెస్ అప్లికేషన్, అంతే.

ఊళ్ళో పొలం లేనివాళ్ళ కోసం కొంచెం వెనక్కి వెళ్దాం. 2020 సెప్టెంబర్‌లో అప్పటి ప్రభుత్వం వీఆర్వో వ్యవస్థని రద్దు చేసి, రిజిస్ట్రేషన్లు ఆపి, కొత్త చట్టం తెచ్చింది. అక్టోబర్ 29న మూడుచింతలపల్లిలో అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ ధరణిని ప్రారంభించారు. నవంబర్ 2 నుంచి వ్యవసాయ భూముల రిజిస్ట్రేషన్లు తహసీల్దార్ ఆఫీసుల్లోనే మొదలయ్యాయి. అంతకుముందు ఎకరం కొంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్ట్రేషన్ అయ్యాక, మళ్ళీ తహసీల్దార్ ఆఫీసు చుట్టూ మ్యుటేషన్ కోసం తిరగాలి. రెండు శాఖలు, రెండు రికార్డులు, మధ్యలో నెలలు. ఆ సందులో ఎవరి చేతులు తడపాలో అందరికీ తెలుసు. ధరణిలో స్లాట్ బుక్ చేసుకుని వెళ్తే, తహసీల్దారే జాయింట్ సబ్ రిజిస్ట్రార్ హోదాలో రిజిస్ట్రేషన్, మ్యుటేషన్ రెండూ ఒకే కూర్పులో చేసేస్తారు.

మన భాషలో చెప్పాలంటే రెండు సిస్టమ్‌లని ఒకే ట్రాన్సాక్షన్‌లో కమిట్ చెయ్యడం. చేసినవాళ్ళకి తెలుస్తుంది అదెంత పనో. రికార్డు సవ్యంగా వుండి, అమ్మేవాడూ కొనేవాడూ ఇద్దరూ ఎదురుగా వుంటే ధరణి బ్రహ్మాండంగా పనిచేసింది. ఈ మాట చెప్పకుండా తిట్టేవాళ్ళతో నాకు పేచీ.

మరి రికార్డు సవ్యంగా లేకపోతే?

ధరణిలోకి వెళ్ళిన డేటా 2017 సెప్టెంబర్ 15న మొదలైన భూరికార్డుల ప్రక్షాళన నుంచి వచ్చింది. తరాల నాటి పహాణీలు, చేతిరాతలు, అన్నదమ్ముల నోటి పంపకాలు, తెల్లకాగితం మీద సాదాబైనామాలు... వీటన్నిటినీ కొద్దినెలల్లో సరిచూసి కంప్యూటర్లోకి ఎక్కించాలి. వివాదం లేనివి పార్ట్-ఎ, వున్నవి పార్ట్-బి అన్నారు. పార్ట్-బిలో పడ్డవే దాదాపు 18 లక్షల ఎకరాలు. పార్ట్-ఎ అంతా శుభ్రంగా వుందా అంటే అదీ లేదు. పేరులో అక్షరం తేడా, విస్తీర్ణంలో గుంటల తేడా, సర్వే నంబరే కనబడకపోవడం, సొంత పట్టా భూమి వెళ్ళి నిషేధిత జాబితాలో కూర్చోవడం. డేటా మైగ్రేషన్ అనగానే మనలో ఎంతమందికి రాత్రిళ్ళు నిద్రలు పోయాయో లెక్కేసుకుంటే, ఇందులో ఆశ్చర్యపడాల్సింది ఏమీ లేదు. తప్పులు వస్తాయి. రాకుండా వుండవు.

ఆశ్చర్యం ఎక్కడంటే, ఆ తప్పుని దిద్దే దారి మొదట సిస్టమ్‌లో దాదాపు లేదు. 2020 చట్టం రెవెన్యూ కోర్టుల్ని తీసేసింది. శాఖలోనే పైవాళ్ళకి అప్పీలు చేసుకునే ఏర్పాటు పెట్టలేదు, తేలనివాళ్ళు సివిల్ కోర్టుకి పోవాల్సిందే. తర్వాత్తర్వాత దరఖాస్తులు పెట్టుకునే వీలు వచ్చినా, నిర్ణయం చాలావరకూ కలెక్టర్ లాగిన్‌లోనే. ఊళ్ళో కిష్టయ్య పేరులో అక్షరం తప్పు పడితే జిల్లా కలెక్టర్ క్లిక్ చెయ్యాలన్నమాట. ఎందుకలా పెట్టారో అర్థం కాకపోలేదు. కింద వుండేవాళ్ళు రికార్డులు తారుమారు చేస్తున్నారు కాబట్టి ఎడిట్ బటనే లేకుండా చేద్దాం అన్నది ఆలోచన. మనమూ ఇదే చేస్తాం కదా... యూజర్ తప్పుగా వాడుతున్నాడంటే ఆ ఫీల్డుని రీడ్-ఓన్లీ చేసేస్తాం. టికెట్ క్లోజ్.

కానీ తప్పు అక్కడే వుంటుంది కదా, ఎక్కడికీ పోదు. ఫిర్యాదొచ్చినప్పుడల్లా ఒక మాడ్యూలు తగిలించారు. ఇంకో రకం ఫిర్యాదొచ్చింది, ఇంకో మాడ్యూలు. అలా అలా 33. ఎవరూ కూర్చుని "మనం 33 మాడ్యూళ్ళ అప్లికేషన్ చేద్దాం" అనుకోరు. మనం చేసిన ప్రతి పాత అప్లికేషన్ మెనూ ఇలాగే పెరిగింది. మీ ఆఫీసులో ఎడమపక్క మెనూలో ఆఖర్న 'అదర్స్', 'మిసలేనియస్' అని వుంటాయే, వాటి కింద చూడండి, కంపెనీ చరిత్రంతా వుంటుంది :)

అన్నిటికంటే నాకు నచ్చింది, బాధేసింది కూడా, టీఎం-33 అన్న పేరు. పాస్‌బుక్‌లో పడ్డ తప్పులు సరిచెయ్యమని పెట్టుకునే దరఖాస్తుకి ధరణిలో వున్న నంబరు అది. టీఎం అంటే ట్రాన్సాక్షన్ మాడ్యూల్. అంటే ఎవరో డెవలపర్ స్పెక్‌లో రాసుకున్న లోపలి నంబరు. అది స్క్రీన్ మీదికొచ్చి, పేపర్ల హెడ్డింగుల్లోకొచ్చి, చివరికి "టీఎం 33 పెట్టినవా?" అని రైతులు ఒకళ్ళనొకళ్ళు అడిగేదాకా వెళ్ళింది. మన జీరా టికెట్ నంబర్లు కస్టమర్ చేత బట్టీ పట్టించినట్టు. ఒక అప్లికేషన్ ఎంత కష్టంగా వుందో తెలియాలంటే, దాన్ని వాడేవాళ్ళు కొత్తగా నేర్చుకోవాల్సి వచ్చిన మాటలెన్నో చూస్తే చాలనిపిస్తుంది నాకు.

ఇదంతా ఒడ్డున కూర్చుని చెప్పడం తేలికే. నేనేం చేశానో కూడా చెప్పాలి కదా.

కొన్నేళ్ళ కిందట, మాదాపూర్‌లో ఒక కంపెనీలో వుండగా ఒక ఇన్సూరెన్స్ క్లయింటు కోసం క్లెయిమ్‌లు ఎంటర్ చేసే అప్లికేషన్‌ని రీడిజైన్ చేశాం. పాతది బూడిదరంగు స్క్రీను, పైన 14 ట్యాబులు, ఒక్కో ట్యాబులో చీమల బారులా ఫీల్డులు. చూస్తేనే తలనొప్పి. మేం దాన్ని 5 స్టెప్పుల విజార్డ్ చేశాం. నీట్‌గా కార్డులు, పెద్ద అక్షరాలు, కింద నెక్స్ట్, నెక్స్ట్, ఫినిష్. ప్రెజెంటేషన్‌లో మొదటి స్లయిడే "14 నుంచి 5కి". డెమోలో అవతలివాళ్ళు చప్పట్లు కొట్టారు. నిజంగానే కొట్టారు, ఫోన్లో వినబడింది.

గో-లైవ్ అయిన వారానికి క్లెయిమ్‌ల సంఖ్య పడిపోయింది. కొత్త స్క్రీను కదా, అలవాటు కావాలి అన్నాం. రెండో వారమూ అంతే. మూడో వారం మా మేనేజర్ "ఒకసారి కిందకెళ్ళి చూసి రా" అన్నాడు. ఇక్కడే సిగ్గుపడాల్సిన విషయం. ఆ అప్లికేషన్ వాడే ఆపరేషన్స్ టీమ్ కూర్చునేది మా బిల్డింగులోనే, మాకు రెండు అంతస్తుల కింద. ఒకే లిఫ్టు, ఒకే ఫుడ్ కోర్టు, ఒకే క్యాబ్ పాయింటు. ఎనిమిది నెలల ప్రాజెక్టులో మాలో ఒక్కడూ ఆ ఫ్లోర్‌కి వెళ్ళలేదు. పన్నెండు వేల కిలోమీటర్ల అవతలున్న బిజినెస్ అనలిస్ట్ రాసి పంపిన డాక్యుమెంటు చూసి, రెండంతస్తుల కిందున్న మనిషికి స్క్రీన్లు చేశాం.

కింద నేను చూసింది ఇది. ఎవరూ మౌస్ ముట్టుకోరు. పాత స్క్రీన్లో ఏ ఫీల్డుకి ఎన్ని ట్యాబ్‌లు కొట్టాలో వేళ్ళకి వచ్చేసింది. మా కార్డుల మీద ట్యాబ్ కొడితే కర్సర్ ఎటో పోతోంది. ఇది చిన్నది, దిద్దేశాం. అసలుది వేరే. వాళ్ళ పనిలో పెద్ద భాగం కొత్త క్లెయిమ్‌లు ఎక్కించడం కాదు, ఎక్కించినవాటిలో తప్పులు దిద్దడం. ఆసుపత్రి కోడ్ తప్పు, తారీఖు తప్పు, ఒకే పేషెంటు రెండుసార్లు. పాతదాంట్లో సూటిగా తొమ్మిదో ట్యాబుకి పోయి దిద్దేసేవాళ్ళు. మా విజార్డులో నాలుగో స్టెప్పులో తప్పు దిద్దాలంటే మొదటి మూడు స్టెప్పులూ నెక్స్ట్ కొట్టుకుంటూ రావాలి. ఫినిష్ కొట్టేశాక అయితే ఇంక దిద్దడానికే లేదు. సూపర్‌వైజర్‌కి రిక్వెస్ట్ పెట్టి, ఆయన తెరిస్తే అప్పుడు. స్పెక్‌లో "సబ్మిట్ అయిన క్లెయిమ్ రీడ్-ఓన్లీ" అని ఒక్క లైను వుంది మరి. మేం దాన్ని తు.చ. తప్పకుండా పాటించాం. ఆ సూపర్‌వైజర్ క్యూ చూస్తే సాయంత్రానికి మూడొందలు దాటి వుంది.

అక్కడ టీమ్ లీడ్ ఒకావిడ అంది. "అన్నా, పాతది చూడ్డానికి బాగుండదు గానీ, మమ్మల్ని ఎక్కడా ఆపేది కాదు. ఇది బాగుంది, ప్రతి చోటా ఆపుతోంది."

వాళ్ళకి ఇన్సెంటివ్ రోజుకి పూర్తిచేసిన క్లెయిమ్‌ల లెక్క మీద వస్తుంది. ఆ నెల ఆ ఫ్లోర్లో చాలామందికి రాలేదు. జీతమే అంతంతమాత్రంగా వుండే వాళ్ళకి ఆ నాలుగైదు వేలు అంటే పిల్లల స్కూలు ఫీజో, ఇంటి అద్దెలో సగమో. అదే నెలలో మా టీముకి డిజైన్ బాగా చేశామని గిఫ్ట్ వోచర్లిచ్చారు. నేను నాది తీసుకున్నాను. వెనక్కివ్వలేదు. ఇప్పుడు రాస్తుంటే కూడా ఇబ్బందిగానే వుంది.

కాపీ-పేస్ట్ మనకిచ్చినవాళ్ళలో ఒకడైన లారీ టెస్లర్ ఎప్పుడో చెప్పిన విషయం ఒకటుంది. ప్రతి అప్లికేషన్‌లో ఇంక తగ్గించలేని కష్టం కొంత వుంటుంది, దాన్ని ఎవరు మొయ్యాలన్నదే మన చేతిలో వుండేది అని. వాడేవాడు మొయ్యాలా, చేసేవాడు మొయ్యాలా. మేం 14 ట్యాబుల్ని 5 చేసి కష్టం తగ్గించామనుకున్నాం. నిజానికి దాన్ని ఎత్తి సూపర్‌వైజర్ క్యూలో పడేశాం. అక్కడ అది మా స్లయిడ్లో కనబడదు.

మన ఊళ్ళోనే దీనికి తిరగేసిన ఉదాహరణ ఒకటుంది. 1999లో జంట నగరాల్లో ట్విన్స్ అని పైలట్‌గా పెట్టి, 2001 ఆగస్టులో ఈ-సేవ చేశారు గుర్తుందా. కరెంటు బిల్లు ఒక ఆఫీసులో, నీళ్ళ బిల్లు ఇంకో ఆఫీసులో, ఇంటిపన్ను మరో ఆఫీసులో కట్టుకునే రోజుల్లో, ఏ సేవైనా ఏ కౌంటర్లోనైనా అన్నారు. వెనకాల ఎన్ని శాఖలున్నా, ఎన్ని తలనొప్పులున్నా అదంతా కౌంటర్ వెనకున్న ఆపరేటరూ ఆ సాఫ్ట్‌వేరూ మోశారు. మా నాన్నగారికి క్యూలో నిలబడ్డం తప్ప కొత్తగా నేర్చుకోవాల్సింది ఏమీ లేకపోయింది. బిల్లు కట్టడం భూమి హక్కులంత చిక్కుది కాదు, పోలిక పూర్తిగా కుదరదు, ఒప్పుకుంటా. కానీ మోసేదెవరు అన్న ప్రశ్న వాళ్ళు ముందే వేసుకున్నారు.

తిరిగి ధరణికొస్తే... నన్ను అన్నిటికంటే ఆలోచింపజేసింది భూభారతి ప్రారంభం కాదు. అంతకు ఏడాది ముందు, 2024 మార్చిలో జరిగింది. అప్పటికి ధరణిలో సుమారు 2.45 లక్షల దరఖాస్తులు పెండింగులో వున్నాయి. ప్రభుత్వం మార్చి 1 నుంచి 9 దాకా స్పెషల్ డ్రైవ్ పెట్టి, కలెక్టర్ల దగ్గరున్న అధికారాల్లో కొన్నిటిని అడిషనల్ కలెక్టర్లకీ, ఆర్డీవోలకీ, తహసీల్దార్లకీ పంచింది. గమనించారా? అదే ధరణి. అవే స్క్రీన్లు, అదే టీఎం-33. మారింది రోల్స్. ఎవరి లాగిన్‌లో ఏ బటన్ పనిచెయ్యాలన్నది. మన యాక్సెస్ కంట్రోల్ టేబుల్లో నాలుగు రోలు, ఒక సర్క్యులర్. నా దృష్టిలో ధరణికి జరిగిన మొదటి నిజమైన యూఎక్స్ రీడిజైన్ అది. ఏ డిజైనరూ దాన్ని తన పోర్ట్‌ఫోలియోలో పెట్టుకోలేడు, చూపించడానికి బొమ్మ లేదు కాబట్టి.

తర్వాత 2024 డిసెంబర్‌లో పోర్టల్ నిర్వహణ ప్రైవేటు సంస్థ నుంచి ఎన్‌ఐసీ చేతికొచ్చింది. అదే నెలలో భూభారతి బిల్లుని అసెంబ్లీ ఆమోదించింది. 2025 ఏప్రిల్‌లో మద్దూరు, లింగంపేట, వెంకటాపూర్, నేలకొండపల్లి అనే నాలుగు మండలాల్లో పైలట్ మొదలుపెట్టి, జూన్ 2 నుంచి రాష్ట్రమంతా అన్నారు. నాలుగు మండలాల్లో ముందు చూసి అప్పుడు విస్తరించడం మంచి పద్ధతి. ఆరు వారాలు చాలా అంటే నాకు అనుమానమే, భూమి తగాదా ఏదీ ఆరు వారాల్లో తేలినట్టు నేను వినలేదు.

ఈ కొత్త చట్టంలో అసలు సంగతి 6 మాడ్యూళ్ళు కాదు. తప్పులు దిద్దే అధికారం కింది స్థాయికి రావడం, నిర్ణయం నచ్చకపోతే శాఖలోనే రెండు అంచెల్లో అప్పీలు చేసుకునే దారి పెట్టడం. ఈ రెండూ లేకుండా మాడ్యూళ్ళు 6 చేసినా, 3 చేసినా, ఒకటే పెద్ద ఆకుపచ్చ బటన్ పెట్టినా టీఎం-33 కథే మళ్ళీ జరిగేది. కాబట్టి మా యూఐ కుర్రాడూ కరెక్ట్ కాదు, డేటాబేస్ పెద్దాయనా కరెక్ట్ కాదు. మెనూ కుదించగలిగింది చట్టం మారాక.

ఇంకో సంగతి. మాడ్యూళ్ళు తగ్గాయంటున్న ఈ రీడిజైన్‌లోనే కాలమ్‌లు పెరుగుతున్నాయి. పాత పహాణీలో 'అనుభవదారు' అని ఒక కాలమ్ వుండేది, పట్టా ఎవరిదైనా భూమిని నిజంగా సాగు చేస్తున్నది ఎవరో రాయడానికి. ధరణిలో దాన్ని తీసేశారు. దానివల్ల యజమానులకి నష్టం జరుగుతోందన్నది అప్పటి ప్రభుత్వం వాదన. స్క్రీన్ మాత్రం ఖచ్చితంగా శుభ్రమైంది. కానీ ఏళ్ళ తరబడి అక్కడే దున్నుకుంటున్నవాడు ఆ శుభ్రమైన స్క్రీన్లో ఎక్కడా లేకుండా పోయాడు. ఇప్పుడు ఆ కాలమ్ మళ్ళీ పెడతామన్నారు. "ఈ ఫీల్డు ఎవరైనా వాడుతున్నారా? తీసేద్దామా?" అని గ్రూమింగ్ కాల్స్‌లో మనం రోజూ అడుగుతాం. అడగాల్సినవాళ్ళని అడుగుతున్నామా అన్నది వేరే విషయం. ఆ కాల్‌లో వుండేవాళ్ళలో ఆ ఫీల్డు మీద బతికేవాడు ఎవడూ వుండడు.

మరి భూభారతి బాగుందా అంటే, హోమ్ పేజీ చూసి నేను చెప్పను. 33 రకాల చిక్కులు జనంలో ఇంకా అలాగే వున్నాయి, అవి 6 గుమ్మాల గుండా లోపలికెళ్ళి ఎవరో ఒకరి ఇన్‌బాక్స్‌లో దిగాలి. తహసీల్దార్ ఇన్‌బాక్స్‌లోనే అనుకుంటా. ఆ మనిషి స్క్రీన్ ఎలా వుందో నాకు చూడాలని వుంది. ఒక దరఖాస్తు తెరిస్తే పాత పహాణీ పక్కనే కనబడుతుందా, లేక ఇంకో నాలుగు సైట్లు తెరుచుకోవాలా? తిరస్కరిస్తే కారణం రైతుకి అర్థమయ్యే తెలుగులో పోతుందా, లేక 'రిజెక్టెడ్' అన్న ఒక్క మాటేనా? ఎన్ని రోజులుగా ఎవరి దగ్గర ఆగిందో పెట్టినవాడికి తెలుస్తుందా? ప్రారంభోత్సవంలో ఇవి చెప్పరు, చెప్పినా ఎవరూ చప్పట్లు కొట్టరు. ఇవి బాగుంటే 33 వున్నా నాకు అభ్యంతరం లేదు.

మా క్లెయిమ్‌ల అప్లికేషన్ సంగతి చెప్పి ఆపేస్తా. ఆ తర్వాత రెండు నెలలు మేం కొత్త స్క్రీన్ ఒక్కటి కూడా చెయ్యలేదు. సబ్మిట్ అయిన క్లెయిమ్‌ని ఆ రోజు రాత్రిదాకా ఎంటర్ చేసినవాళ్ళే దిద్దుకునేలా మార్చాం, ఎవరు ఏం మార్చారో చరిత్ర అంతా కింద కనబడేలా పెట్టాం. ఎడిట్ బటన్ ఇస్తే మోసం జరుగుతుందని క్లయింటు ఆడిట్‌వాళ్ళు మొదట ఒప్పుకోలేదు. ఆ చరిత్ర చూపించాక ఒప్పుకున్నారు. సూపర్‌వైజర్ క్యూ పాతిక ముప్ఫైకి దిగింది. దీనికి వోచర్లేం రాలేదు.

ఇప్పుడున్న చోట వచ్చే సోమవారం ఇంకో రీడిజైన్ కిక్-ఆఫ్ వుంది. వెండర్ పేమెంట్ల అప్లికేషన్. నిన్న రాత్రి డ్రాఫ్ట్ పంపారు, మొదటి స్లయిడ్ తెరిచి చూస్తే "41 స్క్రీన్ల నుంచి 12కి". ఎంట్రీ చేసేవాళ్ళు ఎక్కడ కూర్చుంటారని మెయిల్ పెట్టాను. ఇంకా జవాబు రాలేదు.